పొయ్యెక్కని మిఠాయి

ఇంట్లో శవం ఉన్నప్పుడు అందరి కళ్ళూ శవం మీదే ఉంటాయి. సుబ్బరావమ్మ కళ్ళు మాత్రం ఫ్రిజ్ మీద ఉన్నాయి.

ముందుగదిలో నేల మీద ఊక పోసి, ఊక మీద ఐసు దిమ్మలు పేర్చి, వాటి మీద చాప పరిచి కోడలు శ్రీదివ్యను పడుకోబెట్టారు. వడదెబ్బ. నిన్న సాయంత్రం ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో, జీపులోనే ప్రాణం పోయింది. తెల్లారగానే పాలేరు యలమంద చీరాల ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి ఆటోలో దిమ్మలు వేసుకొచ్చాడు. పుట్టింటివాళ్ళు దాచేపల్లి నుంచి రావాలి. వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్ళిన కూతురు భవ్య కూడా వాళ్ళతోనే రావాలి. అందాకా ఆ మే నెల ఎండల్లో మనిషిని నిలపాలంటే ఐసు తప్ప దారి లేదు.

ఇంటినిండా జనం. ధర కోసం ఆపుకున్న మిరప టిక్కీ బస్తాలను ముందుగదిలోంచి హడావుడిగా అరుగు మీదకి లాగేశారు గాని, వాటి ఘాటు మాత్రం గదిలోనే ఉండిపోయింది. వచ్చిన ఆడవాళ్ళు కాసేపు ఏడుస్తారు, కాసేపు దగ్గుతారు, దేనికి కళ్ళు తుడుచుకుంటున్నారో వాళ్ళకే తెలియదు. సుబ్బరావమ్మ ఏడవలేదు. వంటింటి గుమ్మం పక్కన ఫ్రిజ్ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. ఎవరు పలకరించినా తలూపింది. లేచి కోడలి దగ్గర కూర్చోమంటే కదల్లేదు.

"రాయమ్మా, రాయి," అని ఒకావిడ గొణిగింది.

"ఎంతయినా అత్త గదా," అని పక్కావిడ సాగదీసింది.

కుండ మూతికి మూకుడుంది గాని లోకం మూతికి మూకుడు లేదు. ఆ మాటలు సుబ్బరావమ్మకి వినపడ్డాయో లేదో. ఆవిడ వీపు మాత్రం ఆ తలుపుని వదల్లేదు.

నిజానికి ఆ ఫ్రిజ్‌లో చల్లదనం ఏమీ మిగల్లేదు. శనివారం రాత్రి గాలిదుమారానికి ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది ఇవాళొస్తుంది, రేపొస్తుంది అంటున్నారు. కరెంటు లేని ఫ్రిజ్ ఉత్త తెల్ల బీరువా. కాని దాని లోపల, ఐసంతా కరిగి నీళ్ళయిపోయిన గిన్నెలో ఒక స్టీలు డబ్బా ఉంది. ఆ డబ్బాలో ఉన్నదాని కోసమే ఆవిడ కాపలా కాస్తోంది.

శ్రీదివ్య పెళ్ళికి ముందు గుంటూరులో ఒక కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ ఇటలీ నుంచి వచ్చిన ముసలి సిస్టర్ ఒకావిడ ఉండేది, లూచియా అని. ఆవిడ ప్రతి క్రిస్మస్‌కీ పొయ్యి వెలిగించకుండా ఒక చాక్లెట్ మిఠాయి చేసేది. ఆవిడ పక్కన నిలబడి బిస్కెట్లు విరిచి విరిచి శ్రీదివ్య అది నేర్చేసుకుంది. పిల్లల పుట్టినరోజొస్తే ఊళ్ళో అందరూ పాయసం వండుకుంటే ఆ ఇంట్లో మాత్రం అదే. భవ్య పుట్టినరోజు ఇవాళే. మామూలుగా అయితే మేనమామ ఇవాళ పొద్దున్నే పిల్లని తీసుకొచ్చి దింపాలి.

శనివారం మధ్యాహ్నం సుబ్బరావమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతుంటే, శ్రీదివ్య గిన్నెలో వెన్న వేసి తెచ్చి పెరట్లో ఎండలో పెట్టింది.

"పొయ్యి మీద పెట్టుకోవే, నిమిషంలో కరుగుద్ది," అంది సుబ్బరావమ్మ.

"పొయ్యి సెగ తగిలితే నూనె తేలిపోద్దత్తయ్యా. మన ఎండ చాల్దా?"

చాలింది. లోపలికి వెళ్ళి పంచదార దంచుకొచ్చేలోపు వెన్న కరిగి గిన్నె అంచులకి జారింది. అందులో పంచదార పొడి, గుంటూరు నుంచి తెప్పించి భద్రంగా దాచుకున్న కోకో పొడి, కాస్త మీగడ వేసి కలిపింది. అసలైతే గుడ్డు సొన వెయ్యాలట. శనివారం కదా అని మానేసింది. ఆ నల్లటి ముద్ద చూసి సుబ్బరావమ్మ ముక్కు చిట్లించింది.

"రేగడి మట్టిలాగుంది. దున్ని పత్తి ఎయ్యొచ్చు."

"ఎక్కిరించండి, ఎక్కిరించండి. ఎల్లుండి మీకు ముక్క కూడా పెట్టను."

"నాకెందుకే తల్లీ నీ రేగడి!"

అంటూనే సాయం చేద్దామని లేచి వచ్చింది. కోడలు రెండు చేతులూ అడ్డం పెట్టింది. "అమ్మో, మిరపకాయ చేతులు! దగ్గరికి రావొద్దు. కిందటేడు మీరు పిసికిన లడ్డు తిని మీ అబ్బాయి బిందెడు నీళ్ళు తాగాడు." సుబ్బరావమ్మ పంతానికి చింతపండు పెట్టి చేతులు తోముకుంది, మజ్జిగతో కడిగింది, నూనె రాసి తుడుచుకుంది. కోడలు ఆ వేళ్ళు వాసన చూసి "ఊహూఁ" అంది. చివరికి మేరీ బిస్కెట్లు ప్లాస్టిక్ కవర్లో పోసి, మూతి కట్టి చేతికిచ్చింది. "పైనుంచే విరవండి. పొడి కాకూడదు, గోరంత ముక్కలుండాల," అని పని కూడా పురమాయించింది. అరవై దాటిన మనిషి గోడకి ఆనుకుని కవరు మీంచి బిస్కెట్లు విరుస్తూ కూర్చుంది. ఆ పని ఆవిడకి లోలోపల నచ్చింది. పైకి మాత్రం సణుగుతూనే ఉంది.

బిస్కెట్ ముక్కలూ జీడిపప్పూ ముద్దలో కలిపేశాక శ్రీదివ్య దాన్ని చేతులతో పొడుగ్గా దొర్లించింది. లోపల ఎక్కడా గాలి ఉండకూడదని వేళ్ళతో గట్టిగా నొక్కింది. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి రెండు కొసలూ మెలిపెట్టింది.

"ఇటలీవాళ్ళు దీన్ని సలామీ అంటారత్తయ్యా. అక్కడ మాంసాన్ని ఇట్టాగే పొడుగ్గా చుట్టి, దారం కట్టి, ఆరేస్తారంట. చూట్టానికి అట్టాగే ఉంటదని దీనికీ ఆ పేరే పెట్టారు."

"శనివారం పూట మాంసం ఊసెందుకే! రోకలిబండలాగుంది. రోకలిబండంటే సరిపోయె."

భవ్యకి ఎప్పటినుంచో అది రోకలిబండే. ఆ పేరు నానమ్మ పెట్టిందే. దాచేపల్లి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "రోకలిబండ చేశావా అమ్మా?" అనే అడిగేది. కోసిన తర్వాత దానికో తంతు ఉంది. మొదటి ముక్కని తల్లి తన చీర చెంగులో పెట్టుకుని, గుడ్డ మీంచే పళ్ళతో కొరికి రెండు చెయ్యాలి. ఒకటి పిల్ల నోట్లో పెట్టి ఇంకోటి తను తినాలి. కాకెంగిలి. మధ్యలో గుడ్డ అడ్డం ఉంటే ఎంగిలి కాదని పిల్లలు రాసుకున్న చట్టం. జామకాయైనా, మామిడి ముక్కైనా ఆ తల్లీకూతుళ్ళకి కాకెంగిలి కావాల్సిందే. "ఇంట్లో కత్తిపీట లేనట్టు! చీరలన్నీ మరకలే," అని సుబ్బరావమ్మ అరుస్తుంటే ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వేవాళ్ళు.

ఆ శనివారం గిన్నె కడగబోయే ముందు శ్రీదివ్య గరిటెకి అంటుకున్నది వేలితో తీసి అత్త నోటి దగ్గర పెట్టింది. "ఒక్కసారి రుచి చూడండత్తయ్యా."

"పిల్లొచ్చాక తింటాలే," అని సుబ్బరావమ్మ మొహం తిప్పేసుకుంది.

ఆ రాత్రే కరెంటు పోయింది. ఆదివారం పొద్దెక్కేసరికి ఫ్రిజ్‌లో రోకలిబండ మెత్తబడటం మొదలుపెట్టింది. పర్చూరులో సోడా కొట్టు దగ్గర ఐసు అమ్ముతారు. శ్రీదివ్య చెప్పులేసుకుంది. మొగుడు ప్రేమ్‌చంద్ మిర్చి ధర కనుక్కోవడానికి గుంటూరులో కమీషన్ ఏజెంటు దగ్గరికి వెళ్ళాడు, లేకపోతే అతన్నే పంపేది. "ఈ ఎండలో ఎక్కడికే? పోతే పోయిందిలే ఆ రోకలిబండ," అని సుబ్బరావమ్మ వాకిట్లోకి వచ్చి అరిచింది. "ఇట్టా వెళ్ళి అట్టా వచ్చేస్తా," అని కోడలు బస్సుకి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఐసు మూట చంకన పెట్టుకుని రోడ్డు మీంచి ఇంటిదాకా నడిచొచ్చింది. తల మీద కప్పుకోవాల్సిన చెంగు ఐసు మూట మీద కప్పి ఉంది. మొహం కందగడ్డలా ఉంది. అయినా మంచినీళ్ళు కూడా ముట్టకుండా ముందు ఐసుని గిన్నెలో పోసి, డబ్బా అందులో కూరి, ఫ్రిజ్ తలుపు వేసింది.

"తలుపు తియ్యొద్దత్తయ్యా, చల్లదనం పోద్ది. నాకు తల పగిలిపోతంది, కాసేపు పడుకుంటా."

అవే ఆఖరి మాటలు. సాయంత్రానికి ఒళ్ళు నిప్పయింది, పిలిస్తే పలకలేదు.

ఇవాళ పొద్దున ఐసు దిమ్మలు దించుతుంటే సుబ్బరావమ్మకి ఆ డబ్బా గుర్తొచ్చింది. నా కోడల్ని మింగింది ఆ రోకలిబండే అనుకుంది. ఒళ్ళంతా మండిపోయింది. తీసి పెంటకుప్పలో విసిరేద్దామని ఫ్రిజ్ తలుపు తీసి, డబ్బా మూత తీసి, కాగితం విప్పింది. దాని ఒంటినిండా శ్రీదివ్య వేళ్ళ నొక్కులున్నాయి. ఒక పక్క నాలుగు వేళ్ళు, ఇంకో పక్క బొటనవేలు.

సుబ్బరావమ్మ మళ్ళీ కాగితం చుట్టేసింది. డబ్బా లోపల పెట్టి తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. తల్లి తన చేత్తో బిడ్డ కోసం చేసి పెట్టింది ఇక లోకంలో ఇదొక్కటే. ఇది కరిగి పారిపోకముందే పిల్ల నోటికి అందాలి. ఆవిడ బుర్రలో అంతకుమించి ఇంకేమీ లేదు. ఏడవడానికి కూడా అందులో చోటు లేదు.

ఎండ ముదిరాక ఆడబిడ్డ నాగరత్తమ్మ లేచి కొంగు బిగించింది. సుబ్బరావమ్మ మొగుడికి అక్క. తమ్ముడు పోయి ఏళ్ళయినా ఆ ఇంట్లో మంచికైనా చెడుకైనా పెత్తనం ఆవిడదే. నీళ్ళ బిందెలు ఒంపించింది. నిన్నటి అన్నం, కూర, పెరుగు పారబోయించింది. చావు మైల పడ్డ ఇంట్లో వండిన పదార్థం ఉండకూడదు, శవం లేచేదాకా పొయ్యి వెలగకూడదు. అన్నీ అయ్యాక ఫ్రిజ్ దగ్గరకొచ్చింది.

"లెగు సుబ్బరావమ్మా. ఇందులో ఏవున్నయ్యో తీసి పారెయ్యాల."

"ఏం లేవొదినా."

"లేకపోతే మంచిదే. తియ్యి, చూస్తా."

సుబ్బరావమ్మని పక్కకి జరిపి తలుపు లాగింది. డబ్బా బయటికి తీసింది. సుబ్బరావమ్మ ఒక్క ఉదుటున లేచి దాన్ని రెండు చేతులా పట్టేసుకుంది.

"ఇది పిల్లకి. దాని తల్లి చేసింది."

"చేసిందంటే వండిందే గదే. పారెయ్యి."

"వండలా. ఇది పొయ్యెక్కలా వదినా, ఒట్టు. ఎండలో వెన్న కరిగించి కలిపింది. బియ్యం పారబోశావా? ఆవకాయ జాడీ పారబోశావా? అదెంతో ఇదీ అంతే. పొయ్యెక్కని దానికి మైలేంది?"

నాగరత్తమ్మ తడబడింది. ఆచారం చెప్పే మనిషికి ఆచారంతోనే జవాబు వస్తే కాసేపు అలాగే ఉంటుంది. అంతలోనే సర్దుకుంది.

"సరే, మైల లేదనుకో. తల్లి శవం నట్టింట్లో పెట్టుకుని బిడ్డ నోట్లో మిఠాయి పెడతావా? ఊరు మన మొహాన ఉమ్మెయ్యదూ?"

సుబ్బరావమ్మ డబ్బాని పొట్టకి అదుముకుని నిలబడింది. గొడవ విని ప్రేమ్‌చంద్ వాకిట్లోంచి వచ్చాడు. నిన్న గుంటూరు వేసుకెళ్ళిన చొక్కాతోనే ఉన్నాడు. తల్లి చేతిలో డబ్బా చూడగానే అతని మొహం మారిపోయింది.

"దీనికోసమే గదమ్మా పోయింది! ఇటివ్వు."

"వద్దురా."

"ఇవ్వమంటన్నానా! దీన్ని నా కళ్ళముందు పెట్టొద్దు."

అతను లాగాడు. ఆవిడ వదల్లేదు. తల్లీ కొడుకూ ఒక డబ్బా కోసం వంటింటి గుమ్మంలో పెనుగులాడుతుంటే చావుకొచ్చిన జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. అతను బలమైనవాడు. డబ్బా జారిపోతోందని తెలిసి సుబ్బరావమ్మ కింద కూలబడి కొడుకు కాళ్ళు చుట్టేసుకుంది.

"నీ కాళ్ళు పట్టుకుంటారా నాయనా. పిల్లకి దానమ్మ చేతిది ఇంకేం మిగల్లేదురా. ఒక్కటే ఉంది. ఒక్కటేరా."

కన్నతల్లి కాళ్ళు పట్టుకుంటే ఏ కొడుకు నిలబడగలడు? ప్రేమ్‌చంద్ డబ్బా వదిలేసి గోడకి తల కొట్టుకుంటూ కూర్చుండిపోయాడు. ఇద్దరు మగవాళ్ళు వచ్చి అతన్ని బయటికి తీసుకెళ్ళారు.

గెలిచానన్న సంబరం సుబ్బరావమ్మకి ఒక్క క్షణం కూడా నిలవలేదు. మూత తీసి వేలితో తాకి చూస్తే రోకలిబండ ఒక పక్కకి ఒరుగుతోంది. ఆ పక్కన బొటనవేలి నొక్కు పైపైన ఆనవాలుగా మిగిలింది. తడిగుడ్డ చుడదామంటే బిందెలన్నీ ఒంపేశారు, కరెంటు లేక బోరు తిరగదు. పక్కింటి కుండలో నీళ్ళు ముంచి తెచ్చి గుడ్డ తడిపి చుట్టింది. గుడ్డ చూస్తుండగానే వెచ్చబడింది. డబ్బాని బియ్యం బస్తాలోకి దూర్చింది. బియ్యం కూడా వెచ్చగానే ఉన్నాయి. మళ్ళీ బయటికి లాగి, పెరట్లో నిలబడ్డ యలమంద దగ్గరికి పరుగెత్తింది.

"ఐసు మిగిలిందా యలమందా? చిన్న ముక్కయినా చాలు."

"ఒక్క పెళ్ళ కూడా లేదమ్మగారూ. తెచ్చిందంతా కోడలుగారి కిందే పేర్చాం. మళ్ళీ చీరాల పోయి రావాలంటే పొద్దు వాలిపోద్ది."

"పిల్ల ఎక్కడిదాకా వచ్చిందంటరా?"

"జీపు ఇప్పుడే చిలకలూరిపేట దాటిందంట. ఎవరో ఫోన్ చేశారు."

సుబ్బరావమ్మ డబ్బా పట్టుకుని పెరట్లో ఎండలో నిలబడిపోయింది. దేవుడా, ఇంత చేసి ఇక్కడ వదిలేస్తావా అనుకుంది. ఏడుపు కాదు, కోపం వచ్చింది ఆవిడకి. దేవుడి మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద, ఎండ మీద, మాట వినకుండా పోయిన కోడలి మీద. ఆ కోపంలోనే వెనక్కి తిరిగి, వంటింట్లోంచి నడిచి ముందుగదిలోకి వచ్చింది.

ఇప్పటికైనా కోడలి దగ్గరికి వస్తోందని ఆడవాళ్ళు దారిచ్చారు. "ఏడువమ్మా, ఏడిస్తే గుండె తేలికవుద్ది," అని ఒకావిడ భుజం తట్టింది. సుబ్బరావమ్మ శ్రీదివ్య కుడిచేతి పక్కన కూర్చుంది. వేళ్ళతో ఊక పక్కకి నెట్టింది. రెండు దిమ్మల మధ్య సందు చూసుకుని డబ్బాని లోపలికంటా దూర్చింది. కోడలి చీర చెంగు లాగి దాని మీద కప్పింది.

గదిలో ఏడుపులు ఆగిపోయాయి. నాగరత్తమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఏం పని చేస్తన్నావే! శవం కింద పెట్టింది తీసి పిల్లకి పెడతావా?"

"శవం కాదొదినా," అంది సుబ్బరావమ్మ. "దాని తల్లి."

నాగరత్తమ్మ గోడవారగా వెళ్ళి కూర్చుంది. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు. సుబ్బరావమ్మ చెయ్యి ఐసులోనే, డబ్బా మీదే ఉంచింది. వేళ్ళు తిమ్మిరెక్కి, తర్వాత నొప్పెక్కి, చివరికి ఉన్నాయో లేవో తెలియకుండా పోయాయి. అయినా తియ్యలేదు. నా చేత కావట్లేదే, నీ బిడ్డది నువ్వే కాచుకో అని మనసులో కోడలితో అంది. నిన్నటినుంచి ఆవిడ కోడలితో మాట్లాడటం అదే మొదలు.

జీపు వచ్చేసరికి పొద్దు పడమటికి తిరిగింది. భవ్య అమ్మమ్మ వాకిట్లోనే పడి పొర్లింది. ఆవిడ చంకలోంచి జారిన సంచిలో కూతురికి కట్టడానికి తెచ్చిన పుట్టింటి చీర ఉంది. ఆ గోలలో పిల్లని ఎవరూ పట్టించుకోలేదు. అమ్మకి బాలేదని మాత్రమే చెప్పి తీసుకొచ్చారు. పుట్టినరోజుకి కొన్న గులాబీరంగు గౌను మారాం చేసి మరీ వేసుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది.

"నానమ్మా, అమ్మకి జొరమా? ఇంత ఐసు పెట్టారు?"

భవ్య లోపలికి వచ్చి, గౌను తడవకుండా ఎత్తిపట్టుకుని కూర్చుని, తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టింది. తనకి టైఫాయిడ్ వచ్చినప్పుడు తల్లి అలాగే చూసేది.

"తగ్గిపోయింది. సల్లగా ఉంది," అంది అందరికీ చెప్తున్నట్టుగా.

గదంతా ఒక్కసారిగా భోరుమంది. అమ్మమ్మ పాక్కుంటూ వచ్చి పిల్లని వాటేసుకుంది. "అమ్మ ఇంక లెగవదమ్మా. దేవుడి దగ్గరికి పోయింది నా తల్లి," అని చెప్పాల్సిన మాట చెప్పేసింది. భవ్య ఏడవలేదు. అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. ఎవరో గ్లాసుతో నీళ్ళిస్తే తల అడ్డంగా ఊపింది. అమ్మమ్మ చేతుల్లోంచి మెల్లగా విడిపించుకుని నానమ్మ పక్కకి చేరి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"రోకలిబండ చేసిందా?"

"చేసిందమ్మా. చేసే పోయింది."

సుబ్బరావమ్మ డబ్బా బయటికి తీసింది. మొద్దుబారిన వేళ్ళతో మూత రాలేదు. భవ్యే తీసింది. కాగితం విప్పితే రోకలిబండ గట్టిగా, నల్లగా, ఒక పక్కకి కాస్త వంకరగా ఉంది. వేళ్ళ నొక్కులు నిలిచాయి. "అమ్మ వేళ్ళు," అంది భవ్య, వాటిని ముట్టుకోకుండా. గోడవార కూర్చున్న నాగరత్తమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. సుబ్బరావమ్మ పక్కన కత్తి పెట్టి, మొహం అటు తిప్పుకుని నిలబడింది.

నొక్కులు లేని కొస వైపు నుంచి సుబ్బరావమ్మ ఒక ముక్క కోసింది. నల్లటి దానిలో తెల్లగా బిస్కెట్ పలుకులు కనిపించాయి. అవి తను విరిచినవే. ముక్క పిల్ల నోటి దగ్గర పెట్టింది. భవ్య పెదాలు బిగించేసింది.

"తిను తల్లీ. పొద్దున్నించీ ఏం తినలేదు గదా."

"అట్టా కాదు. ముందు అమ్మ కాకెంగిలి చెయ్యాల."

అనేసి తల్లి వైపు చూసింది. అప్పుడు ఆ పిల్ల గడ్డం వణికింది.

"అమ్మ లెగవదంటగా నానమ్మా. మరి కాకెంగిలి ఎవరు చేస్తారు?"

ఆ గదిలో అంతమంది పెద్దవాళ్ళున్నారు, చావుపుటకల సంగతులన్నీ తెలిసినవాళ్ళు.

సుబ్బరావమ్మ శ్రీదివ్య చీర చెంగు చేతిలోకి తీసుకుంది. పుట్టింటి చీర కట్టేదాకా ఒంటి మీద చీర మార్చరు. నిన్న ఐసు మూటకి కప్పిన చెంగే అది. తడిసి ఊక అంటుకుని ఉంది, పాత మామిడి మరకలు అలాగే ఉన్నాయి. ఊక దులిపింది. ముక్క అందులో పెట్టి మడిచింది. కోడలి మీదకి వంగి, చెంగు కోడలి ఒంటినుంచి వేరుచెయ్యకుండానే నోటికి అందుకుని, ఇంకా ఊడని పళ్ళతో గుడ్డ మీంచి కొరికింది. బిస్కెట్ పటుక్కుమని విరిగింది.

మడత విప్పితే రెండు ముక్కలు. ఒకటి భవ్య నోట్లో పెట్టింది. పిల్ల నోరు తెరిచి అందుకుంది. రెండోది ఎవరిదో తెలియక సుబ్బరావమ్మ చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత తన నోట్లో వేసుకుంది.

ముందు చేదు తగిలింది. ఆ వెనకే వెన్న కరిగి నాలుక మీదకి తీపి జారింది. పళ్ళ కింద బిస్కెట్ నలిగింది.

"రేగడి కాదే," అంది సుబ్బరావమ్మ కోడలి మొహంలోకి వంగి. "బాగుందే. శానా బాగుందే శ్రీదివ్యా."

నిన్నటినుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది, నోట్లో ముక్క ఉండగానే. నమల్లేక, మింగలేక, కోడలి భుజం మీద నుదురు ఆనించి గుండెలవిసేలా ఏడ్చింది. ఈసారి ఎవరూ ఆవిడ గురించి గుసగుసలాడలేదు.

భవ్య తన ముక్క నమిలి మింగింది. మూతి తుడుచుకుంది. తడి చెంగు కొస ఎత్తి నానమ్మ చేతిలో పెట్టింది.

"ఇంకోటి," అంది.